మావాళ్ళ గోలుకే మోగే సైరన్

మా ఇంటికీ ఐస్ హాకీ ఆడే అరీనాకీ మధ్య ఒక సందు, ఊడ్చి పోసిన మంచు గుట్ట, అంతే. మా జట్టు గోలు కొడితే అరీనాలో సైరన్ మోగేది. మా వంటింటి అల్మారాలో గిన్నెలు గలగలమనేవి. అవతలివాళ్ళు కొడితే ఏమీ మోగదు. అందుకని ఇంట్లో కూర్చుని ఆట వింటే మావాళ్ళు ఎన్ని కొట్టారో తెలుస్తుంది గానీ గెలుస్తున్నారో ఓడుతున్నారో తెలిసి చావదు. ఇరవై రెండేళ్ళు ఆ సైరన్ పక్కనే కాపురం చేశాను. అది ఆఖరిసారి మోగిన మార్చి నెల సంగతి చెబుతాను.

మా ఆయన ఓరెస్ట్ అరీనాలో మంచు చూసుకునేవాడు. ఆట మధ్యలో బండి నడిపి మంచు నునుపు చెయ్యడం, వెనక గదిలో ఆ మంచుని గడ్డకట్టించే ముసలి కంప్రెసర్‌ను బతిమాలుతూ, తిడుతూ నడిపించడం, అన్నీ తనే. నేను అక్కడే క్యాంటీన్‌లో పెరోగీలనే కూరిన కుడుములూ వేయించిన బంగాళాదుంపలూ అమ్మేదాన్ని. ఆట ఉన్న సాయంత్రం మా ఊరు డన్‌బ్రేలో ఇళ్ళకి తాళాలు పడేవి. కదల్లేని ముసలివాళ్ళు మాత్రం రేడియో పెట్టుకుని మంచం మీంచే రిఫరీని తిట్టేవారు.

మా జట్టు పేరు థ్రెషర్స్. కుర్రాళ్ళందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి సీజనంతా ఊరివాళ్ళ ఇళ్ళలో ఉంటారు. మాకు పిల్లల్లేరు. మా ఇంటి కింది గదిలో మూడేళ్ళుగా కీగన్ ఉండేవాడు. జట్టుకి కెప్టెన్. అవతలివాణ్ణి గోలు దరిదాపులకి రానివ్వకుండా అడ్డుపడటం వాడి పని. ఇరవై నిండాయి, ఆ వయసు దాటితే ఈ జట్లలో ఆడనివ్వరు, అంటే అదే వాడి ఆఖరి సీజను. ఆ గొంతు ఏం గొంతో గానీ, కింది గదిలోంచి "వెరమ్మా! ఆకలి!" అని అరిచాడంటే సందు అవతలి కుక్క మొరిగేది.

"నెమ్మదిగా ఏడవరా, చెవుడు లేదు నాకు" అనేదాన్ని.

"ఇది నెమ్మదే వెరమ్మా!" అని ఇంకా గట్టిగా అరిచేవాడు.

సెప్టెంబరులో, సీజను మొదలవకముందు, కుర్రాళ్ళందరికీ తలకాయ పరీక్ష పెడతారు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కొన్ని మాటలూ బొమ్మలూ చూపిస్తారు, ఏవి గుర్తున్నాయో చెప్పాలి. తర్వాత ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మొదటిసారి కంటే తక్కువ చేస్తే ఆట బంద్. ఈ ముక్క కుర్రాళ్ళకి తెలియదా? పాత కుర్రాళ్ళు కొత్త కుర్రాళ్ళకి నేర్పే మొదటి విద్య అదే. మా వంటింటి బల్ల దగ్గర మాత్రం ఆ విద్య నేర్పింది మా ఆయన.

"ఒరే, సెప్టెంబరులో ఎంత మొద్దులా చేస్తే మార్చిలో అంత మేధావులవుతారు. అలాగని మరీ మొద్దులా చెయ్యకండి, అనుమానం వస్తుంది. కీగన్‌కి ఆ బెంగ లేదు, వాడు మామూలుగా చేసినా సరిపోతుంది."

బల్ల చుట్టూ నవ్వులు. కీగన్ ఊరుకుంటాడా? "నాకు చూపించిన మాటల్లో 'అడవిదున్న' ఒక్కటే గుర్తుందని చెప్పాను బాబాయ్. అదీ నీ మొహం గుర్తొచ్చి!"

ఓరెస్ట్ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. గరిటెతో వాడి వీపున ఒక్కటేశాను. ఆ రోజు అది నవ్వుకునే సంగతే.

ఆ చలికాలం ఊరి కౌన్సిల్ వాళ్ళు తేల్చి చెప్పేశారు. సీజను చివరి పోటీల్లో జట్టు మొదటి రౌండు దాటితే అరీనా ఇంకో ఏడాది నడుస్తుంది, దాటకపోతే తాళం. జట్టు ఇంకే ఊరికో పోతుంది. ఓరెస్ట్ ఆ మాట విని ఇంటికొచ్చి అన్నం ముద్ద ముట్టలేదు. హార్ట్‌లీ జట్టుతో ఏడు ఆటల పోటీ పడింది మాకు. నాలుగు గెలిచినవాళ్ళు పైకి, మిగతావాళ్ళు ఇంటికి.

అయిదో ఆట మా దగ్గరే. అప్పటికి మూడు గెలిచాం, ఒకటి ఓడాం. నేను క్యాంటీన్ కిటికీలోంచి చూస్తున్నాను. కీగన్ మూలకి పోయిన బంతిని, బంతంటే నల్లటి రబ్బరు బిళ్ళే, అందుకోబోయాడు. వెనకనుంచి హార్ట్‌లీవాడు ఒకడు లారీలా వచ్చి గుద్దాడు. కీగన్ హెల్మెట్ గోడకి కొట్టుకున్న చప్పుడు నా దాకా వినిపించింది. కీగన్ లేచాడు. లేచి తిన్నగా హార్ట్‌లీవాళ్ళ బెంచీ వైపు వెళ్ళి అక్కడ కూర్చోబోయాడు. జనం అదేదో వేళాకోళమనుకుని ఈలలు వేశారు. అది వేళాకోళం కాదని నాకు తెలిసిపోయింది.

ఆ ఆట ఓడాం. ఆరో ఆట హార్ట్‌లీలో. కోచ్ ఎందుకైనా మంచిదని కీగన్‌ని తీసుకెళ్ళలేదు. వాడు లేక మావాళ్ళు చిత్తుచిత్తుగా ఓడి వచ్చారు. చెరి మూడు. ఇక మిగిలింది ఏడో ఆట, మా ఊళ్ళో.

ఆ మధ్య రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. కింది గది కిటికీకి వాడు దుప్పటి కట్టుకున్నాడు. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దీని వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోంది వెరమ్మా, మీ దగ్గరుంచండి" అన్నాడు. అన్నం దగ్గర కూర్చుని సూపులో పాలు పోసుకున్నాడు, పోసుకుని తాగాడు. "ఇవాళ ఏ వారం?" అని అడిగాడు, చెప్పాను, పళ్ళెం ఖాళీ అయ్యేలోపు మళ్ళీ అడిగాడు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది వాడి గొంతు. గుసగుసగా మాట్లాడేవాడు. నేను మామూలుగా మాట్లాడినా చెవులు మూసుకునేవాడు.

"డాక్టరు దగ్గరికి పోదాం పదరా" అన్నాను.

"వద్దు. డాక్టరు ఏమంటాడో నాకు తెలుసు. ఒక్క ఆట వెరమ్మా. ఒక్కటే. ఆ తర్వాత మీరు ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే ఆ డాక్టరు దగ్గరికి వస్తాను."

ఇరవై ఏళ్ళవాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళలేను కదా. అందుకని అరీనాకి వెళ్ళి డ్వేన్‌ని పట్టుకున్నాను. జట్టు కుర్రాళ్ళ దెబ్బలు చూసేదీ, తలకాయ పరీక్ష పెట్టేదీ అతనే.

"పొద్దున్నే పెట్టాం వెరా" అన్నాడు డ్వేన్. "పాసయ్యాడు. సెప్టెంబరు కన్నా బాగా చేశాడు."

"సెప్టెంబరులో కావాలని చెడగొట్టాడయ్యా! నీకు తెలియదా?"

డ్వేన్ చేతిలో ఉన్న టేపుచుట్టని అటూ ఇటూ తిప్పాడు. "అందరూ అంతే. ఆ మాట పట్టుకుని వాడిని ఆపితే రేపు జట్టులో ఎవణ్ణి దింపను? నాకైతే కాగితం మీద బాగానే ఉన్నాడు."

"కాగితం మీద బాగానే ఉన్నాడు. మా ఇంట్లో సూపులో పాలు పోసుకుంటున్నాడు."

"కోచ్‌తో చెప్పు."

కోచ్‌తోనూ చెప్పాను. ఆయన నా మాట మర్యాదగా విని, తల్లిమనసు అలాగే ఉంటుందమ్మా అని భుజం తట్టాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. నేను తల్లిని కాదనీ, కళ్ళున్నదాన్ననీ చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఓరెస్ట్ మీద పడ్డాను. "నువ్వు చెప్పు కోచ్‌కి. నువ్వే కదా ఆ దిక్కుమాలిన విద్య నేర్పింది!"

"నేను నేర్పకపోతే ఇంకొకడు నేర్పేవాడు."

"ఇంకొకడు నేర్పితే ఇంకొకణ్ణి అడిగేదాన్ని."

అతను బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. "వెరా, ఆ కంప్రెసర్ ఆగిపోతే ఈ ఊళ్ళో నా పనేంటో చెప్పు. ఆ తలుపుకి తాళం పడితే మన పనేంటో చెప్పు. వాడు ఆడతానంటున్నాడు. నేను బలవంతపెట్టానా? వాడే ఆడతానంటున్నాడు."

జాలేసింది, కోపమూ వచ్చింది. రెండూ మింగేసి ఫోన్ తీశాను. కీగన్ వాళ్ళమ్మ షానన్ కొండలకి అవతల, ఒక రంపపు మిల్లులో పనిచేస్తుంది. వాడికి ఆమె, ఆమెకి వాడు.

"నాతో బాగానే ఉన్నానని చెప్పాడండీ" అంది షానన్. "ఆరేళ్ళప్పట్నుంచీ ఈ ఆట కోసమే బతికాడు. నేను ఆపితే నా మొహం చూడడు. పరీక్ష కూడా పాసయ్యాడట కదా."

"నీతో ఎలా మాట్లాడాడమ్మా? గొంతు ఎలా ఉంది?"

"గొంతా? బాగానే... కాస్త మెల్లగా మాట్లాడాడు. అలిసిపోయాడేమో అనుకున్నా."



"మెల్లగా" అంది షానన్ మళ్ళీ. "వాడు మెల్లగా మాట్లాడటమేంటి?" ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "బయల్దేరుతున్నానండీ. కనుమ దారిలో మంచు తుపాను ఉంది, ఎంత తొందరపడినా రేపు ఆట టైముకి రాలేను. నేను వచ్చేదాకా..."

ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. నాకు పూర్తి చెయ్యక్కర్లేదు.

ఆట రోజు పద్ధతి ఏ ఇంట్లోనైనా ఒక్కటే. మధ్యాహ్నం కోడిమాంసం, మాకరోనీ. తిన్నాక కుర్రాడు పడుకుంటాడు. నాలుగున్నరకి ఇంటావిడ లేపుతుంది. లేచి, సూటు తొడుక్కుని, అరీనాకి వెళతాడు. ఆ నిద్ర చెడగొట్టినవాళ్ళని ఊరు క్షమించదు. ఆ వేళకి మా సందులో ఎవరూ మంచు కూడా ఊడ్చేవారు కాదు.

కీగన్ రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేశాడు. మెట్ల గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ దిగాడు. సగంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"ఫోన్ మీ దగ్గరే ఉంది కదా. లేపుతారుగా వెరమ్మా?"

"ఎప్పుడు లేపలేదురా నిన్ను?" అన్నాను.

క్యాంటీన్‌కి రాలేనని కబురు పెట్టాను. ఇంటి ఫోన్ తీగ పీకేశాను. వాడి ఫోన్ ఆపేసి ఏప్రన్ జేబులో వేసుకున్నాను. ఏదీ ముందుగా అనుకుని చేసింది కాదు, చేతులు చేసుకుపోయాయి. కాసేపటికోసారి దిగి వాడి నుదురు ముట్టుకునేదాన్ని. వాడు ఏదో గొణిగి అటు తిరిగేవాడు. మళ్ళీ వచ్చి మెట్ల మీద కూర్చునేదాన్ని. నాలుగున్నర అయింది. గడియారం వైపు చూశాను. చూసి, అలాగే కూర్చున్నాను.

సందులో కార్లు నిండుతున్నాయి. జనం మాటలు, పిల్లల బూరలు. చీకటి పడే వేళకి పెరటి తలుపు దబాలుమని తెరుచుకుంది. ఓరెస్ట్. టోపీ నిండా మంచు. బూట్లతోనే వంటింట్లోకి వచ్చేశాడు.

"వాడేడీ? కోచ్ పిచ్చెక్కిపోతున్నాడు. ఫోన్ ఎత్తవేం?"

"నిద్రపోతున్నాడు."

"లేపలేదా?"

"లేదు."

"వెరా." నా పేరు అంత మెల్లగా పలకడం నేనెన్నడూ వినలేదు. "లేపు."

నేను మెట్ల మీంచి లేచి పక్కకి జరిగాను. "నేను లేపను. నువ్వు లేపుకో. అడ్డం రాను."

దిగాడు. మూడు మెట్లు దిగేసరికి మంచం కనిపిస్తుంది. అక్కడే నిలబడిపోయాడు. నేనూ అతని భుజం మీంచి చూశాను. గదంతా చీకటి, కిటికీకి దుప్పటి, అయినా ఆ పిల్లాడు తడిగుడ్డ మడిచి కళ్ళ మీద వేసుకున్నాడు. నిద్రలో కూడా పళ్ళు బిగించుకునే ఉన్నాడు. అరీనాలో పాటలు పెట్టారు, ఆ దడదడ గోడలోంచి వస్తోంది. ఓరెస్ట్ బూట్ల మంచు కరిగి మెట్టు మీంచి మెట్టు మీదికి కారుతోంది.

తిరిగి పైకి వచ్చాడు.

"ఈ మెట్ల లైటు ఆర్పెయ్" అన్నాడు. "వాడి కళ్ళ మీద పడుతోంది."

టోపీ దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ పెరటి తలుపుని అతను చప్పుడు లేకుండా వెయ్యడం కాపురానికొచ్చాక అదే మొదటిసారి.

సైరన్ మోగింది. గిన్నెలు గలగలమన్నాయి. కింద మంచం కిర్రుమంది.

"వెరమ్మా?" గుసగుస. "అది మా గోలేనా?"

"మీదే."

చాలాసేపటికి వాడికి అర్థమైంది. గోడ పట్టుకుని పైకి వచ్చాడు, మొహంలో చుక్క రక్తం లేదు. "లేపలేదు. మీరు నన్ను లేపలేదు!" అని అరవబోయి, తన అరుపుకి తనే తల పట్టుకుని వంగిపోయాడు. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు.

"మీరు నాకు అమ్మ కాదు. ఉండటానికి గది ఇచ్చారు, అంతే. మీరెవరు నన్ను ఆపడానికి?"

"ఎవర్నీ కాను."

"నేను వెళతాను. ఇంకా టైముంది."

"వెళ్ళు."

గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని మంచు బూట్లు తొడుక్కున్నాడు. కుడిది ఎడమ కాలికి. తాడు పట్టుకుని ఒక ముడి వేశాడు. ఉచ్చు చేశాడు, జారిపోయింది. మళ్ళీ చేశాడు. అది చేతిలో పట్టుకుని దాని వంక చూస్తూ ఉండిపోయాడు. ఆరేళ్ళప్పట్నుంచీ స్కేట్ల తాళ్ళు బిగించుకున్న చేతులవి. కళ్ళు మూసుకుని బిగించుకోగల చేతులు.

"వెరమ్మా" అన్నాడు, తల ఎత్తకుండా. "దీని తర్వాత ఏం చెయ్యాలి?"

నేను చెప్పలేదు. వాడూ మళ్ళీ అడగలేదు. తాడు వదిలేసి, గోడకి జారగిలబడి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడవడానికీ గొంతు లేదు వాడికి. పక్కనే నేలమీద కూర్చున్నాను. ఈసారి చెయ్యి విదల్చలేదు.

అలా కూర్చునే విన్నాం. ఇంకోసారి సైరన్ మోగింది. రెండు. తర్వాత ఎంత సేపు విన్నా మోగలేదు. హార్ట్‌లీవాళ్ళవి ఎన్నో మాకెలా తెలుస్తుంది? జనం ఒక్కసారి కేక పెట్టేవారు, మళ్ళీ చల్లారిపోయేవారు. కీగన్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. మోగు, మోగు అంటున్నాడు. నేను కూడా అంటున్నాను. దేవుడి మీద ఒట్టు, అంతా చేసి నేను కూడా అదే అంటున్నాను.

మావాళ్ళు గెలిస్తే అరీనా చుట్టూ ఉన్న కార్లన్నీ హారన్లు కొడతాయి. ఊరంతా మోగిపోతుంది. ఆ సాయంత్రం కార్లు ఒకటొకటే స్టార్టయ్యాయి. మంచు మీద చక్రాల చప్పుడు మా కిటికీ కింద నుంచి పోతూనే ఉంది. ఒక్క హారన్ లేదు.

ఓరెస్ట్ వచ్చాడు. మా ఇద్దర్నీ నేలమీద చూశాడు.

"ఎంత?" అని అడిగాడు కీగన్.

"మూడు రెండు."

"నేనుంటే ఆ మూడోది ఆపేవాణ్ణి బాబాయ్."

"ఆపేవాడివేరా" అన్నాడు ఓరెస్ట్. "నీ తలకాయ అడ్డం పెట్టి." మోకాళ్ళ మీద కూర్చుని, తప్పుకాలికి తొడిగిన ఆ బూటు మెల్లగా లాగేశాడు. "కోచ్‌కి చెప్పాను. వాణ్ణి ఇంట్లో ఉంచింది నేనేనని చెప్పాను. సెప్టెంబరు సంగతి కూడా చెప్పాను, అందరి ముందూ." రెండో బూటు లాగాడు. "పదరా, పడుకుందువు గాని."

మర్నాడు షానన్ వచ్చింది, నిద్రలేని కళ్ళతో. కీగన్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కారెక్కి అద్దం పైకి లాగేసుకున్నాడు. నెల తిరక్కుండా అరీనాకి తాళం వేశారు. కంప్రెసర్ ఓరెస్టే ఆపాడు, వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు. ఇంటిదాకా వినిపించే దాని హోరు పోయేసరికి మా మాటలు మాకే గట్టిగా వినిపించేవి, అందుకని మాట్లాడటం తగ్గించాం. ఊళ్ళో మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అసలు బాధ. దుకాణంలో నన్ను చూసి పక్క వరసలోకి తిరిగేవారు. చర్చిలో మా బెంచీ మీద మేమిద్దరమే. ఓరెస్ట్ పక్క ఊళ్ళో ధాన్యం గిడ్డంగిలో పనికి కుదిరాడు. అతను పెట్టిన మంచు కరిగి కాలవలోకి పోయిన రోజు పెరట్లో నిలబడి చూశాడు, నేను వంటింట్లోంచి అతన్ని చూశాను.

జూన్‌లో షానన్ ఫోన్ చేసింది. డాక్టర్లు ఏమేం చెప్పారో చెప్పింది. ఇక హాకీ లేదు. నెమ్మదిగా కోలుకుంటున్నాడు, కిటికీకి కట్టిన దుప్పటి వాడే తీసేశాడు.

"నా గురించి ఏమైనా అన్నాడా?" అని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఏమనుకోకండి వెరా గారూ. ఇందాకే మీ పేరెత్తాను. అంతే, తిట్లు లంకించుకున్నాడు. మీ మొహం చూడనంటాడు, డన్‌బ్రే పేరెత్తొద్దంటాడు."

"ఎలా తిట్టాడు?"

"అదేం ప్రశ్నండీ?"

"గట్టిగానా, మెల్లగానా?"

అవతల ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు.

"గట్టిగా" అంది. "ఎంత గట్టిగా అంటే, పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగింది."

ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ఓరెస్ట్‌ని కేకేశాను. అతను పెరట్లోంచి పరుగున వచ్చాడు. నేను ఏడుస్తూ ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తిడుతున్నాడయ్యా" అన్నాను. "అరిచి మరీ తిడుతున్నాడు."